అంగిలి పుండు, బంగారు రేణువు, లేజర్ వేడి

గంజాం తీరం నుంచి శ్రీకాకుళం తీరం దాకా చుట్టను తిరగేసి, నిప్పున్న కొసను నోట్లో పెట్టుకుని పీల్చే అలవాటు తరాలుగా ఉంది. అడ్డపొగ అంటారు. ఆడవాళ్ళలోనే ఎక్కువ. నిప్పు సెగ, పొగ రెండూ నేరుగా అంగిలికి తగులుతాయి. అందుకే వేరేచోట్ల అరుదుగా కనిపించే గట్టి అంగిలి క్యాన్సర్ ఈ తీరంలో డాక్టర్లకు కొత్త కాదు. ఆంధ్ర గ్రామాల్లో 10,169 మంది నోళ్ళు పరీక్షించి పిండ్‌బోర్గ్ బృందం 1971లో ప్రచురించిన అడ్డపొగ అధ్యయనాన్ని నోటి క్యాన్సర్ మీద పనిచేసేవాళ్ళు ఇప్పటికీ తిరగేస్తుంటారు. సరిహద్దుకు అవతల ఒడిశాలో బరంపురం, పర్లాకిమిడి, గుణుపురం, రాయగడ, జయపురం తెలుగు వీధుల్లో చుట్టతో పాటు గుడాకు, గుండి, ఖైనీ, గుట్కా లాంటి నోట్లో పెట్టుకునే సరుకులు కూడా ఉన్నాయి. వాటి దెబ్బ చిగుళ్ళ మీద, బుగ్గ లోపలి పొర మీద, నాలుక అంచున పడుతుంది.

ఇలాంటి చోట "బంగారు రేణువులు ఎక్కించి, లైటు వేసి, గడ్డను కాల్చేస్తారట" అన్న వార్త చేరితే ఆశ పుట్టడం సహజం. వార్తలో అబద్ధం లేదు. కానీ చాలాసార్లు సగమే చెబుతారు. వేడితో క్యాన్సర్ కణాన్ని చంపడం ఈ వైద్యంలో తేలికైన భాగం. బంగారాన్ని గడ్డ దాకా చేర్చడం, వెలుగును కావలసినంత లోతుకు పంపడం, పుట్టిన వేడి సరిగ్గా ఎక్కడ ఆగిందో తెలుసుకోవడం, ఇవి మూడూ కష్టం. మూడోది అన్నిటికంటే కష్టం. నోరు ఈ వైద్యానికి ఎంత అనువైన చోటో, అంత చిక్కైన చోటు కూడా.

బంగారం రంగు మారే చోట

కంసాలి దగ్గర పచ్చగా మెరిసే బంగారమే 15 నానోమీటర్ల (నానోమీటరు అంటే మిల్లీమీటరులో పది లక్షల వంతు) గోళాలుగా మారి నీళ్ళలో తేలితే దానిమ్మ రసంలా ఎర్రగా ఉంటుంది. అంత చిన్న గోళంలో సుమారు 1 లక్ష పరమాణువులు ఉంటాయి. వాటిలోని స్వేచ్ఛా ఎలక్ట్రాన్లు వెలుగు తరంగం తగలగానే ఒక్కసారిగా అటూ ఇటూ ఊగుతాయి. ఆ ఊపు ఒక ప్రత్యేక తరంగదైర్ఘ్యం దగ్గర తారస్థాయికి చేరుతుంది. చిన్న గోళాలకు అది 520 నానోమీటర్ల దగ్గర, అంటే ఆకుపచ్చ రంగు వెలుగు దగ్గర వస్తుంది. ఆకుపచ్చని మింగేస్తాయి కాబట్టి ద్రవం ఎర్రగా కనిపిస్తుంది. మింగిన వెలుగు దాదాపు అంతా సెకనులో లక్షకోటి వంతుల వ్యవధిలోనే వేడిగా మారి చుట్టూ ఉన్న నీటికి చేరుతుంది. వైద్యానికి మూలసూత్రం ఇదొక్కటే.

అయితే 520 నానోమీటర్ల వెలుగు శరీరంలో పనికిరాదు. రక్తంలోని హిమోగ్లోబిన్ దాన్ని ముందే పీల్చేస్తుంది. 950 దాటితే నీరే అడ్డు. ఈ రెండింటి మధ్య, సుమారు 650 నుంచి 950 నానోమీటర్ల దాకా, కంటికి సరిగా కనిపించని వెలుగుకు మాత్రం కండలో కొంత దారి ఉంది. కాబట్టి రేణువు ఆకారం మార్చి దాని ఊపును అక్కడికి జరపాలి. రెండు పద్ధతులు బాగా కుదిరాయి. మొదటిది కడ్డీ: పొడవు వెడల్పుకు 4 రెట్లు ఉంటే ఊపు 800 దగ్గరికి వస్తుంది. రెండోది గుల్ల: సుమారు 120 నానోమీటర్ల సిలికా గోళం మీద 15 నానోమీటర్ల మందాన బంగారు పూత. అమెరికాలో రైస్ యూనివర్సిటీకి చెందిన నయోమీ హలాస్, జెన్నిఫర్ వెస్ట్ బృందం 2003లో ఈ గుల్లలతోనే ఎలుకల్లో గడ్డలను లేజర్‌తో వేడెక్కించి, ఆ వేడిని ఎంఆర్ఐతో కొలిచి చూపింది.

నోటి క్యాన్సర్‌తో ఈ పరిశోధనకు మొదటి నుంచీ చుట్టరికం ఉంది. రసాయన శాస్త్రవేత్త ముస్తఫా ఎల్ సయ్యద్, తల మెడ శస్త్రవైద్యుడైన ఆయన కొడుకు ఇవాన్ కలిసి 2006లో ప్రచురించిన ప్రయోగం నోటి క్యాన్సర్ కణాల మీదే చేసినది. ఆ కణాల ఉపరితలంపై ఈజీఎఫ్ఆర్ అనే ప్రోటీన్ మామూలు కణాల కంటే ఎక్కువగా ఉంటుంది. దానికి అంటుకునే యాంటీబాడీని బంగారు రేణువులకు తగిలించి పోస్తే, క్యాన్సర్ కణాలు మామూలు కణాలు తట్టుకునే లేజర్ శక్తిలో సగం కంటే తక్కువకే చచ్చిపోయాయి. ఈ ఫలితం గాజు పళ్ళెంలో ఒక్క పొరగా పరచిన కణాల మీద వచ్చింది. పళ్ళెంలో రక్తప్రవాహం లేదు, ఎముక లేదు, లోతు లేదు. తర్వాతి కష్టాలన్నీ అక్కడి నుంచే వచ్చాయి.

తయారీలో ఎక్కడ చెడుతుంది

గోళాలు చేయడం డిగ్రీ కాలేజీ ల్యాబులో కూడా కుదురుతుంది. 1 మిల్లీమోలార్ గాఢత గల క్లోరోఆరిక్ ఆమ్లం 100 మిల్లీలీటర్లు తీసుకుని, గట్టిగా కలుపుతూ తెర్ల కాచాలి. మరుగుతుండగా 38.8 మిల్లీమోలార్ ట్రైసోడియం సిట్రేట్ 10 మిల్లీలీటర్లు ఒక్కసారిగా పోయాలి. లేత పసుపు పోయి తేటపడుతుంది, తర్వాత నల్లబారుతుంది, కొన్ని నిమిషాల్లో చిక్కటి ఎరుపు వస్తుంది. 13 నానోమీటర్ల రేణువులు సిద్ధం. సిట్రేట్‌ను చుక్కలు చుక్కలుగా పోస్తే రేణువులు చిన్నా పెద్దా కలిసిపోతాయి. గాజు సామాన్లను ముందుగా ద్రవరాజంతో, అంటే 3 పాళ్ళ హైడ్రోక్లోరిక్ ఆమ్లం 1 పాలు నత్రికామ్లం కలిపిన మిశ్రమంతో, కడగకపోతే పాత్ర గోడలకు మిగిలిన పాత బంగారం మీదే కొత్తది పేరుకుంటుంది. ఎరుపుకు బదులు ఊదా లేదా నీలం వచ్చిందంటే రేణువులు ఒకదానికొకటి అంటుకున్నట్టే. ఇక దాన్ని వెనక్కి తేవడం కష్టం.

వైద్యానికి కావలసిన కడ్డీలు ఇంత సులువుగా లొంగవు. ముందు విత్తనాలు చేయాలి: సీటాబ్ అనే సబ్బులాంటి రసాయనంలో కొద్దిపాటి బంగారు లవణం కలిపి, మంచులో చల్లార్చిన సోడియం బోరోహైడ్రైడ్‌ను ఒక్క ఊపున పోస్తే గోధుమ రంగు వస్తుంది. ఈ విత్తనాలను కొన్ని గంటల్లోపే వాడేయాలి. వేరే పాత్రలో 0.1 మోలార్ సీటాబ్, బంగారు లవణం, కొంచెం సిల్వర్ నైట్రేట్, ఆస్కార్బిక్ ఆమ్లం కలుపుతారు. పసుపు పోయి ద్రవం తేటపడ్డాక కొన్ని మైక్రోలీటర్ల విత్తనం వేసి, 27 నుంచి 30 డిగ్రీల మధ్య కదపకుండా రాత్రంతా ఉంచుతారు. కడ్డీ పొడవును ఎక్కువగా నిర్ణయించేది ఇందులో కలిపిన వెండి మోతాదు.

ఇందులో రెండు పొరపాట్లు మళ్ళీ మళ్ళీ జరుగుతాయి. 25 డిగ్రీల కంటే దిగితే సీటాబ్ పలుకులు కడుతుంది. కోరాపుట్ కొండల మీద డిసెంబరులో బల్లమీద వదిలిన సీసా తెల్లారేసరికి గడ్డ కట్టి ఉంటుంది, కడ్డీలు ఉండవు. రెండోది, సీటాబ్‌లో లేశమాత్రంగా అయోడైడ్ మలినం ఉన్నా కడ్డీలకు బదులు గోళాలే వస్తాయి. అన్నీ సరిగ్గా చేసినా ఫలితం రానప్పుడు మనిషిని తప్పుపట్టే ముందు సీటాబ్ డబ్బా మీద లాట్ నంబరు చూడటం మేలు.

తర్వాతి మెట్టు కడగడం. సీటాబ్ కణాలకు విషం. సెంట్రిఫ్యూజ్‌లో తిప్పి, పైనీరు వంచి, మళ్ళీ శుభ్రమైన నీటిలో కలపాలి, సాధారణంగా రెండుసార్లు. ఎక్కువసార్లు కడిగితే రక్షణ పొర పోయి కడ్డీలు అంటుకుపోతాయి. తక్కువ కడిగితే మిగిలిన సీటాబే కణాలను చంపుతుంది, చేసినవాళ్ళు లేజర్ చంపిందనుకుంటారు. ఇది చిన్న తప్పు కాదు. అందుకే నాలుగు గుంపులు లేని ప్రయోగాన్ని నమ్మకూడదు: ఏమీ లేనిది, బంగారం మాత్రమే ఉన్నది, లేజర్ మాత్రమే తగిలినది, రెండూ ఉన్నది. చీకట్లో ఉంచిన బంగారం గుంపులో కూడా కణాలు చస్తుంటే ఆ ఫలితానికి వెలుగుతో పనిలేదు.

సీటాబ్ స్థానంలో పెగ్ అనే పాలిమర్‌ను గంధకపు కొసతో బంగారానికి అతికిస్తారు. 5,000 అణుభారం గల పెగ్ ఎక్కువగా వాడుకలో ఉంది. ఇది రేణువు చుట్టూ నీటి తెరలా ఉండి రక్తంలో కొన్ని గంటలు తిరగనిస్తుంది. యాంటీబాడీని ఈ పెగ్ చివరలకు కడతారు. సాధారణ రసాయన బంధంతో కడితే అది ఏ పక్కకు తిరిగి అంటుకుంటుందో చెప్పలేం. పట్టుకునే చేతులు బంగారం వైపు తిరిగి ఉంటే ఆ యాంటీబాడీ ఉన్నా లేనట్టే. తోక వైపు ఉన్న చక్కెర అణువుల ద్వారా కట్టే పద్ధతి దీనికి మందు, కానీ శ్రమ, ఖర్చు రెండూ పెరుగుతాయి.

మనిషికి ఎక్కించాలంటే మరొక గండం ఉంది. నీటిలోని బాక్టీరియా శవాల నుంచి వచ్చే ఎండోటాక్సిన్ అనే విషం బంగారానికి అంటుకుంటుంది. వడపోతతో బాక్టీరియా పోతుంది గానీ ఇది పోదు. ఎక్కిస్తే చలిజ్వరం, రక్తపోటు పడిపోవడం. పైగా దాన్ని కనిపెట్టే రంగు పరీక్షను బంగారం సొంత రంగు చెడగొడుతుంది. ఖరీదంతా బంగారంలో ఉందని జనం అనుకుంటారు. 1 గ్రాము బంగారాన్ని 15 నానోమీటర్ల రేణువులుగా చేస్తే వాటి మొత్తం ఉపరితలం సుమారు 20 చదరపు మీటర్లు, ఒక గది నేల అంత. అంత ఉపరితలం మీద ప్రతి మూలా శుభ్రంగా, ప్రతి బ్యాచ్‌లో ఒకేలా ఉందని రుజువు చేయడానికే అసలు డబ్బు అవుతుంది.

రక్తంలోకి వెళ్ళాక

ఇలాంటి వైద్యాన్ని 'లక్ష్యిత' చికిత్స, అంటే గురిచూసి కొట్టేది, అంటారు. ఆ మాట ఇక్కడ కొంత మోసం చేస్తుంది. రేణువుకు దారి తెలియదు. రక్తం ఎటు తీసుకెళ్తే అటు వెళుతుంది, క్యాన్సర్ కణం పక్కన తగిలితేనే యాంటీబాడీ పని మొదలవుతుంది. అంతకుముందే రక్తంలోని ప్రోటీన్లు రేణువు మీద పేరుకుని యాంటీబాడీని కప్పేయవచ్చు. కాలేయం, ప్లీహంలోని భక్షక కణాలు ఎక్కువ భాగాన్ని పట్టేస్తాయి.

టొరంటోలోని వారెన్ చాన్ బృందం 2016లో అంతకు ముందు పదేళ్ళ జంతు ప్రయోగాలను జల్లెడపట్టింది. రక్తంలోకి ఎక్కించిన నానోరేణువుల్లో గడ్డకు చేరింది మధ్యస్థంగా 0.7 శాతం. 10,000 పంపితే 70. అదే బృందం 2018లో ఇంకా లోతుకు వెళ్ళి, యాంటీబాడీ తొడిగిన బంగారు రేణువుల్లో గడ్డలోకి కాక, అసలు క్యాన్సర్ కణాలకే చేరినవి ఎన్నో లెక్కపెట్టింది: 10 లక్షలకు 14 లోపే. మిగిలినవి గడ్డలోని భక్షక కణాల్లో, కణాల మధ్య పీచులో చిక్కుకున్నాయి.

ఈ అంకె చూసి నిరాశపడనక్కర్లేదు. వేడి మందులాంటిది కాదు. మందు ప్రతి కణంలోకీ వెళ్ళాలి. వేడి పక్క కణానికి కూడా పాకుతుంది. గడ్డలో ఎక్కడో ఒకచోట చాలినంత బంగారం చేరితే, కణాన్ని పట్టుకోకపోయినా, గడ్డ వేడెక్కుతుంది. ఆ పాకే గుణమే ఆరోగ్యకరమైన కండకు కూడా ప్రమాదం. అంటే గురి నిలిపేది యాంటీబాడీ కంటే ఎక్కువగా లేజర్ వేసే చెయ్యి.

నోటిలో ఇంకో దారి ఉంది: సూదితో గడ్డలోకే నేరుగా ఎక్కించడం. కాలేయం బెడద తప్పుతుంది. కానీ గట్టి గడ్డలో ద్రవం సమానంగా పరుచుకోదు. సూది దారి వెంట పోగవుతుంది, కొంత వెనక్కి కారిపోతుంది. లేజర్ వేస్తే సూది దారి మాడిపోయి, 5 మిల్లీమీటర్ల పక్కన కణాలు నిక్షేపంగా బతికి ఉంటాయి. క్యాన్సర్ మళ్ళీ పెరిగేది సాధారణంగా ఆ అంచు నుంచే.

ఒంట్లో మిగిలిన బంగారం సంగతి కూడా చూడాలి. 5.5 నానోమీటర్ల కంటే పెద్ద రేణువు మూత్రపిండాల జల్లెడ దాటడం కష్టం. అందువల్ల కాలేయంలో నెలల తరబడి ఉండిపోతుంది. ఐఐటీ బాంబే పరిశోధకులు 2015లో చూపిన మార్గం ఇందుకు ఆలోచించదగ్గది: కొవ్వు బుడగ మీద బంగారం పూసి, పని అయ్యాక అది 5 నుంచి 8 నానోమీటర్ల ముక్కలుగా విడిపోయేలా చేశారు. ఎలుకల్లో కాలేయం ద్వారా, మూత్రం ద్వారా కొంత బయటికి పోయింది.

వేడికి ఒక లెక్క ఉంది

కణం ఎంత వేడికి చస్తుందన్న ప్రశ్నకు ఎంతసేపు అన్నది జోడిస్తేనే అర్థం. 43 డిగ్రీలను ఆధారంగా పెట్టుకుని, ఆపైన ప్రతి డిగ్రీకి కావలసిన సమయం సగమవుతుందని 1984లో సపరేటో, డ్యూయీ ఇచ్చిన సూత్రాన్నే ఇప్పటికీ వాడుతున్నారు. కణజాలం పూర్తిగా చచ్చిపోవడానికి సాధారణంగా పెట్టుకునే గురి 43 డిగ్రీల దగ్గర 240 నిమిషాలకు సమానమైన మోతాదు. అదే 50 డిగ్రీల దగ్గర 2 నిమిషాల లోపు, 56 దగ్గర 2 సెకన్ల లోపు. 100 దాటితే నీరు ఆవిరై కండ మాడుతుంది. మాడిన నల్లటి పొర వెలుగును అక్కడే ఆపేసి లోతుకు వెళ్ళనివ్వదు. ఎక్కువ పవర్ పెడితే త్వరగా అవుతుందనుకుని చేసే తప్పు ఇదే.

1 ఘన సెంటీమీటరు కండను 37 నుంచి 50 డిగ్రీలకు తేవాలంటే సుమారు 50 జౌళ్ళు చాలు. కాగితం మీద 1 వాట్ లేజర్ 1 నిమిషంలో ఇవ్వగలిగినంత. నిజంలో కొంత వెలుగు పైనుంచే వెనక్కి తిరిగిపోతుంది, కొంత పక్కలకు చెదిరిపోతుంది, పుట్టిన వేడిని రక్తం మోసుకుపోతుంది. నోటిలో రక్తప్రవాహం మెండు. పెద్ద రక్తనాళం పక్కనున్న కణాలు చల్లగా మిగిలి బతికిపోతాయి. అరకొర వేడి తగిలిన కణాలైతే రక్షక ప్రోటీన్లు తయారుచేసుకుని రెండోసారి వేడికి మొండికేస్తాయి.

ఎలుక ప్రయోగాల్లో చదరపు సెంటీమీటరుకు 1 నుంచి 4 వాట్ల లేజర్ వాడినట్టు చదువుతాం. 808 నానోమీటర్ల దగ్గర మనిషి చర్మానికి లేజర్ భద్రతా ప్రమాణాలు అనుమతించేది దాదాపు 0.33 వాట్లు. పైగా ఆ ప్రయోగాలు ఎక్కువగా చర్మానికి రంగునిచ్చే మెలనిన్ లేని తెల్లటి ఎలుకల మీద చేసినవి. మెలనిన్ 808 దగ్గర కూడా వెలుగును పీలుస్తుంది. మన ప్రాంతపు ముదురు చర్మం మీద, ఏళ్ళ తరబడి పొగతో నల్లబడిన నోటి పొర మీద అదే లేజర్ అదే పవర్‌లో పైపొరను ఎక్కువగా కాలుస్తుంది. ఈ తేడాను ఇక్కడి మనుషుల మీద కొలిచి మోతాదు కట్టాలి. బయటి అంకెలు అరువు తెచ్చుకుని పెడితే బొబ్బలెక్కేది ఇక్కడి నోళ్ళే.

ఇక లోతు. ఈ వెలుగు కండలో సుమారు ప్రతి 4 మిల్లీమీటర్లకు మూడో వంతుకు కాస్త పైగా మిగులుతుంది అనుకుంటే, 1 సెంటీమీటరు లోతుకు చేరేది నూటికి 8. నోటి క్యాన్సర్ దశ లెక్కలో గడ్డ ఎంత లోతుకు దిగింది అన్నది ఇప్పుడు కీలకం: 2 సెంటీమీటర్ల లోపు పరిమాణం, 5 మిల్లీమీటర్ల లోపు లోతు ఉంటే మొదటి మెట్టు. 10 దాటితే మూడో మెట్టుకు పోతుంది. అంటే పైనుంచి వేసే లేజర్‌కు నిజంగా అందేది మొదటి మెట్టు గడ్డ. అంతకంటే లోతైతే సన్నని లేజర్ తీగను సూదిగొట్టం ద్వారా గడ్డలోకే దించాలి, గొట్టంలో చల్లటి సెలైన్ తిప్పుతూ.

అంగిలి వెనక ఎముక

నోరు తెరిస్తే కనిపించే అంగిలి పుండు ఈ వైద్యానికి అన్నిటికంటే అనువైనదిగా తోస్తుంది. పల్చగా, పైకే ఉంటుంది. లేజర్ ఎదురుగా పెట్టవచ్చు. కానీ గట్టి అంగిలి మీద పొర మందం చాలాచోట్ల 2 నుంచి 4 మిల్లీమీటర్లే. వెనకే ఎముక. ఎముక 47 డిగ్రీల వేడిని 1 నిమిషం కంటే ఎక్కువ ఓర్చుకోదని ఎరిక్సన్, ఆల్‌బ్రెక్ట్‌సన్ 1983లో కుందేళ్ళలో చూపారు. పై సూత్రంలోకి మారిస్తే అది 16 నిమిషాల మోతాదు. గడ్డ చావడానికి 240 కావాలి. 3 మిల్లీమీటర్ల దూరంలో ఒకచోట 240 ఇచ్చి, ఇంకొకచోట 16 దాటకుండా చూడాలి. దాటితే ఎముక కుళ్ళి, అంగిలికి చిల్లుపడి, తాగిన నీళ్ళు ముక్కులోంచి వస్తాయి. అడ్డపొగ క్యాన్సర్‌కు ఈ వైద్యం మొదట వస్తుందని ఆశపెట్టుకోకపోవడానికి ఇదే కారణం.

బుగ్గలో, నాలుకలో ఎముక బెడద తక్కువ, వేరే చిక్కులు ఉన్నాయి. నాలుక వేడికి వాచి శ్వాసదారిని మూసేయవచ్చు. గొంతు దగ్గర గొట్టం వేయడానికి సిద్ధంగా లేకుండా మొదలుపెట్టకూడదు. మెడలోకి దిగిన గడ్డ కెరోటిడ్ ధమనికి అంటుకుని ఉంటే వేడికి ఆ గోడ పగిలే ముప్పుంది. గుట్కా, వక్క నమిలేవాళ్ళలో బుగ్గలు నార కట్టి నోరు మూడు వేళ్ళు పట్టనంతగా బిగుసుకుపోతుంది. అలాంటి నోటిలోకి లేజర్ తీగ వంచి పెట్టడమే గగనం.

వేడిని కొలవడం దగ్గరా మోసం ఉంది. థర్మల్ కెమెరా పైపొరనే చూపుతుంది. వేడి కొలిచే లోహపు తీగ, థర్మోకపుల్, లేజర్ దారిలో ఉంటే అదే వేడెక్కి లేని వేడిని చూపుతుంది. లేజర్‌కు లొంగని గాజుతీగ సెన్సర్లు మేలు, కానీ గుచ్చినచోటే కొలుస్తాయి. ఎంఆర్ఐ లోతంతా చూపగలదు, డిగ్రీకి సుమారు నూరు కోట్లలో 10 పాళ్ళ చొప్పున జరిగే నీటి సంకేతాన్ని పట్టి. అంత సన్నని కొలతను గుటక, శ్వాస, పళ్ళలో నింపిన లోహం చెడగొడతాయి. కదలని అవయవమైతే సులువు. మనుషుల్లో బాగా నమోదైన ఫలితం ప్రోస్టేట్‌లో రావడానికి ఇదొక కారణం: న్యూయార్క్ మౌంట్ సైనాయ్‌లో చేసి 2019లో ప్రచురించిన ప్రయోగంలో 16 మందిలో 15 మందికి బంగారు గుల్లలతో లేజర్ చికిత్స పూర్తిచేయగలిగారు. ఏడాది తర్వాత కాల్చిన చోట నుంచి ముక్క తీసి చూస్తే 16 మందిలో 14 మందికి క్యాన్సర్ కనిపించలేదు. మూడు నెలలప్పటి అంకె 10. చిన్న గుంపు, తక్కువ లేదా మధ్యస్థ ప్రమాదపు గడ్డలు, పోల్చడానికి రెండో గుంపు లేదు. అయినా మనిషిలో సాధ్యమే అని చూపింది. తల మెడ గడ్డల మీద ఇవే గుల్లలతో 2008లోనే చిన్న ప్రయోగం మొదలైంది, కానీ అది వాడుక వైద్యంగా మారలేదు.

ఈజీఎఫ్ఆర్ యాంటీబాడీని వెలుగుతో కలిపి వాడే ఒక చికిత్స మాత్రం జపాన్‌లో 2020లో తల మెడ క్యాన్సర్‌కు అనుమతి పొందింది. అందులో బంగారం లేదు, వేడి ప్రధానం కాదు. 690 నానోమీటర్ల వెలుగు తగిలితే కణపు పొరను చీల్చే రంగు పదార్థం యాంటీబాడీకి కట్టి ఉంటుంది. శస్త్రచికిత్సకు వీల్లేనివాళ్ళకే ఇస్తారు. నోటిలో వెలుగు వైద్యం ఊహ కాదని చెప్పడానికి ఇది చాలు.

ఒంటి మీద నగ అమ్మో, గట్టు పొలం తాకట్టు పెట్టో "బంగారు చికిత్స" చేయించాలనుకునే కుటుంబానికి తెలియాల్సినవి కొన్నే. ఇది మన దేశంలో ఆసుపత్రిలో డబ్బు కట్టి చేయించుకునే వైద్యం కాదు. ఎవరైనా ఇస్తామంటే వైద్య ప్రయోగాలు నమోదయ్యే క్లినికల్ ట్రయల్స్ రిజిస్ట్రీలో నమోదు సంఖ్య అడగాలి. 2019 నిబంధనల ప్రకారం ప్రయోగంలో హాని జరిగితే వైద్యం ఉచితంగా చేయించాలి. స్వర్ణభస్మానికీ దీనికీ సంబంధం లేదు. మింగిన బంగారం గడ్డకు చేరదు, చేరినా దాని మీద లేజర్ పడదు. నోటిలో మూడు వారాలు మానని పుండు, కదులుతున్న పన్ను, బిగుసుకుపోతున్న నోరు కనిపిస్తే బరంపురం ఎంకేసీజీ మెడికల్ కాలేజీ గానీ, కటక్ ఆచార్య హరిహర్ క్యాన్సర్ సంస్థ గానీ, విశాఖ అగనంపూడిలోని హోమీ భాభా క్యాన్సర్ ఆసుపత్రి గానీ చేరాలి. ముక్క పరీక్ష, ఆపరేషన్, అవసరమైతే జనం 'కరెంటు పెట్టడం' అని పిలిచే రేడియేషన్. చిన్న గడ్డకు ఇప్పటికి రుజువైన దారి ఇదే.

ముందు కాల్చి, తర్వాత కోసి చూడటం

ఆపరేషన్‌లో గడ్డతో పాటు చుట్టూ సుమారు 1 సెంటీమీటరు మంచి కండ తీస్తారు. పాథాలజిస్టు ఆ ముక్క చూసి అంచు నుంచి గడ్డ 5 మిల్లీమీటర్ల దూరంలో ఉందా, ఎంత లోతుకు దిగింది, నరం పట్టుకుందా చెబుతాడు. మెడ ఆపరేషన్, రేడియేషన్ నిర్ణయాలు ఆ కాగితం మీదే ఆధారపడతాయి. మెడలో గ్రంథులు తగలకపోయినా ముందే తీసేస్తే మూడేళ్ళకు బతికున్నవాళ్ళు 80 శాతం, తర్వాత కనిపించినప్పుడు తీస్తే 67.5 శాతం అని ముంబై టాటా మెమోరియల్ 2015లో తేల్చింది. నోట్లో గడ్డను మాత్రమే వేడితో కాల్చేస్తే ముక్క లేదు, అంచు లేదు, లోతు లెక్క లేదు, మెడ అలాగే ఉండిపోతుంది.

కాబట్టి ఈ ప్రాంతపు నోటి క్యాన్సర్ మీద బంగారం ప్రయోగం జరగాలంటే మొదట జరగాల్సింది ఇలా ఉండాలి. బుగ్గ లేదా నాలుక అంచు మీద 2 సెంటీమీటర్ల లోపు, 5 మిల్లీమీటర్ల లోపు లోతున్న, ఎముకకు దూరంగా ఉన్న గడ్డ. నోరు బాగా తెరుచుకునే మనిషి. ఎలాగూ ఆపరేషన్ తేదీ ఖాయమై ఉండాలి, ఆ తేదీ ప్రయోగం కోసం వెనక్కి జరగకూడదు. దానికి కొద్ది రోజుల ముందు బంగారం, లేజర్. తర్వాత మామూలుగానే గడ్డను, మెడ గ్రంథులను తీసేయాలి. రోగికి రుజువైన వైద్యం ఏదీ తగ్గదు. కోసిన ముక్కను మామూలు రంగుతో మాత్రమే చూస్తే చాలదు. వేడికి అప్పుడే చచ్చిన కణం ఉడికి బిగుసుకుని కొన్నాళ్ళు బతికున్నదానిలాగే కనిపిస్తుంది. ఎన్‌ఏడీహెచ్ డయాఫొరేజ్ అనే ఎంజైమ్ రంగు వేయాలి: బతికిన కణం నీలం తేలుతుంది, చచ్చినది రంగు పట్టదు. దానికి ముక్కను ఫార్మలిన్‌లో వేయకుండా వెంటనే గడ్డకట్టించాలి. ఫార్మలిన్ ఆ ఎంజైమ్‌ను చంపేస్తుంది, అప్పుడు అన్ని కణాలూ చచ్చినట్టే కనిపిస్తాయి. నీలానికీ రంగు లేనిదానికీ మధ్య గీత గడ్డ అంచుకు లోపల పడిందా, బయట పడిందా, ఎన్ని మిల్లీమీటర్లు అని పది పన్నెండు ముక్కల్లో స్కేలు పెట్టి కొలిచాకే ఆపరేషన్ లేకుండా వేడి ఒక్కటే ఇచ్చే మాట ఎత్తాలి.